జ్యోతి ప్రజ్వలన పొయ్యి

రాష్ట్ర గిరివిహార ప్రోత్సాహక మండలిలో కొండ ఎక్కడం వచ్చిన ఉద్యోగి ఒక్కతే ఉండేది. ఆమె పేరు ఇందుమతి. మిగతావాళ్లంతా కొండల్ని ప్రోత్సహించేవారు. విశాఖపట్నంలో ఒక భవనం నాలుగో అంతస్తులో మండలి కార్యాలయం. లిఫ్టు పాడైన రోజున సగం సిబ్బంది సెలవు పెట్టేవారు.

ఇందుమతి శిక్షణాధికారి. ఏటా చలికాలంలో ఏజెన్సీ ప్రాంతపు ప్రభుత్వ కాలేజీల నుంచి ముప్పై ఇద్దరు అమ్మాయిల్ని పులిమెట్ట అనే కొండ మీదికి తీసుకెళ్లి, గుడారాలు వేయించి, తాళ్లు కట్టుకుని బండలెక్కడం, దారి తప్పితే దిక్కు తెలుసుకోవడం నేర్పించేది. వాళ్లు కొండల్లో పుట్టిన పిల్లలే. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ హాస్టళ్లలో వరుసలు కట్టి పెరిగినవాళ్లు. క్యాంపుకు వచ్చేటప్పుడు నేల చూపులు చూస్తూ వచ్చేవారు, వెళ్లేటప్పుడు బస్సు టాపు ఎగిరిపోయేలా పాటలు పాడుకుంటూ వెళ్లేవారు. ఆ తేడా చూడడం కోసమే ఇందుమతి మిగతా పదకొండు నెలలూ ఆ నాలుగో అంతస్తును భరించేది.

అంతవరకూ క్యాంపులో వంట కట్టెల మీదే. ఆ ఏడు పులిమెట్ట మీద పుల్ల విరవకూడదని, కట్టెల మంట వేయకూడదని, చిన్న గ్యాస్ పొయ్యిలైతే ఫరవాలేదని కొత్త నిబంధన వచ్చింది. సబబైన నిబంధనే. ఇందుమతి సాయంత్రం బజారుకు వెళ్లి, కొండలెక్కేవాళ్లు వాడే పొయ్యి చూసి వచ్చింది. గుప్పిట్లో ఇమిడేంత వస్తువు. మూడు కాళ్లు, మంట పెంచి తగ్గించే ఒక మర. చెంబంత గ్యాస్ డబ్బా నెత్తిన దాన్ని బిగిస్తే నలుగురికి అన్నం ఉడుకుతుంది. మర్నాడు నోటు రాసింది: "క్యాంపు నిమిత్తం తేలికపాటి గ్యాస్ పొయ్యిలు ఎనిమిది, వాటికి తగిన గ్యాస్ డబ్బాలు కొనుగోలు చేయగలందులకు మనవి."

ఆమె చేసిన తప్పల్లా ఒక్కటే, "తేలికపాటి" అనే మాట వాడింది.

మండలి మేనేజింగ్ డైరెక్టర్ మృత్యుంజయరావు గారు అప్పుడే ఏదో చల్లని ఊళ్లో జరిగిన సదస్సు నుంచి తిరిగొచ్చి ఉన్నారు. వీపు మీద మోసే ప్రతి గ్రామూ మన శత్రువేనని, అసలైన పర్వతారోహకుడు టూత్‌బ్రష్ పిడిని కూడా సగానికి కోసేసుకుంటాడని అక్కడెవరో చెప్పగా విని, ఆయన చలించిపోయారు. రాగానే ఆ ఏడాదిని "లాఘవ వత్సరం"గా ప్రకటించారు. సిబ్బంది అందరూ తమ బ్రష్షుల పిడులు కోసి, కోసిన ముక్కను రుజువుగా కార్యాలయంలో దాఖలు చేయాలని సర్క్యులర్ ఇచ్చారు. దాఖలైన ముక్కల్ని గోనెసంచిలో పోసి రికార్డు రూములో పెట్టి, ఎందుకో గానీ తాళం కూడా వేశారు. ఫైళ్ల బరువు తగ్గించడానికి వాటి దారాలు పీకేయించారు. కాగితాలు ఫ్యాను గాలికి ఎగిరిపోతుంటే, వాటి మీద పెట్టడానికి ప్రతి బల్లకూ నాలుగేసి గాజు బరువులు కొన్నారు.

ఆయన ఇందుమతిని పిలిపించారు.

"అమ్మా, మీ నోటు చదివాను. కదిలిపోయాను. ఈ మండలి చరిత్రలో ‘తేలికపాటి’ అన్న పదం అధికార పత్రంలోకి ఎక్కడం ఇదే ప్రథమం."

"థాంక్యూ సర్. దుకాణంలో సరుకు ఉంది. మీరు సంతకం పెడితే రేపే తెచ్చేస్తాను."

"రేపా?" ఆయన కళ్లజోడు తీశారు. "తేలికైన వస్తువును తేలిగ్గా తీసుకోకూడదమ్మా. ఇది సమగ్రంగా, శాస్త్రీయంగా, పారదర్శకంగా జరగవలసిన ప్రక్రియ."

ఆ విధంగా "తేలికపాటి గ్యాస్ పొయ్యి ఎంపిక ఉన్నతస్థాయి సంఘం" ఏర్పడింది. అధ్యక్షులు మృత్యుంజయరావు గారు. సభ్యులు, మండలి భద్రతా సలహాదారు కోదండపాణి గారు. ఆయన ఎక్కడో అగ్నిమాపక విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసంతా మంటలు ఆర్పినవాడు కాబట్టి, ఎవరైనా మంట వెలిగిస్తామంటే ఆయనకు వ్యక్తిగతంగా బాధ కలిగేది. కన్వీనరు ఇందుమతి. సంఘం చర్చల్ని రాసుకోవడానికి సూపరింటెండెంటు సన్యాసినాయుడు. ఆయనది విజయనగరం వైపు. ఏళ్ల తరబడి అన్ని సంఘాల చర్చలూ రాసీ రాసీ దేనికీ ఆశ్చర్యపోని స్థితికి చేరుకున్న మనిషి.

మొదటి సమావేశానికి కంసాలి త్రాసు తెప్పించారు. పొయ్యి బరువు డెబ్బై అయిదు గ్రాములు మించరాదని అధ్యక్షులు నిర్ణయించారు.

"డెబ్బై అయిదే ఎందుకు సర్?" అని అడిగింది ఇందుమతి.

"ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదమ్మా. గీసేశాం."

ఇందుమతి చూసి వచ్చిన పొయ్యి తొంభై గ్రాములు తూగింది. దాన్ని తిరస్కరించారు. సరఫరాదారులకు కబురు వెళ్లింది. వాళ్లు తెలివైనవాళ్లు. ఒకాయన తన పొయ్యి కాళ్లను ఆకురాయితో అరగదీసి తెచ్చాడు. ఇంకొకాయన మూడు కాళ్లలో ఒకటి తీసేసి రెండు కాళ్ల పొయ్యి తెచ్చాడు. గిన్నె పెడితే ఒరిగిపోయింది. గిన్నె సంఘం పరిశీలనాంశం కాదని అధ్యక్షులు గుర్తుచేశారు. చివరికి డెబ్బై మూడు గ్రాములకు తూగిన పొయ్యి ఒకటి వచ్చింది. దానికి కాళ్లు మూడూ ఉన్నాయి, మర లేదు.

"సర్, మర లేకపోతే గ్యాస్ విప్పడం, మంట తగ్గించడం ఎలా?" అంది ఇందుమతి.

"మంట తగ్గించాలన్న ఆలోచన కూడా ఒక బరువే కదమ్మా," అన్నారు మృత్యుంజయరావు గారు చిరునవ్వుతో. సన్యాసినాయుడు ఆ వాక్యాన్ని తలెత్తకుండా రాసుకున్నాడు.

ఇందుమతి ఆ సరఫరాదారుని మెట్ల మీద పట్టుకుని, మరలు విడిగా జేబులో వేసుకుని తెచ్చి ఇమ్మని ఒప్పించింది. జేబులో ఉన్నది తూకానికి రాదు. అంతవరకూ ఆమె గెలిచినట్టే అనుకుంది.

రెండో సమావేశం కోదండపాణి గారిది. ఆయన అచ్చు పుస్తకంలా మాట్లాడేవారు.

"గ్యాస్ పొయ్యి వాడుటకు నియమములు కలవు. పొయ్యి వెలిగించు చోట గాలి, వెలుతురు వచ్చుటకు కిటికీలు ఉండవలెను. వెలిగించుటకు ముందు సదరు కిటికీలు తెరచి ఉంచవలెను."

ఇందుమతి ఆయన వైపు తిరిగింది. "సర్, అది వంటింటికి. మేం వండేది కొండ మీద. చుట్టూ గాలే ఉంటుంది."

"గాలి ఉండుట వేరు, కిటికీ ఉండుట వేరు. నియమములో గాలి అని లేదు. కిటికీ అని ఉన్నది."

"కొండకి కిటికీలెలా పెడతామండీ?"

"అది కన్వీనరు వారు ఆలోచించుకొనవలసిన విషయము."

కిటికీలు రెండు, టేకువి, చట్రాలతో సహా మంజూరయ్యాయి. వాటిని నిలబెట్టడానికి ఇనుప స్టాండు. ఎర్ర బకెట్లు నాలుగు, వాటి నిండా ఇసుక. కొండ మీద ఇసుక దొరుకుతుంది కదా అని ఇందుమతి అంటే, ఆ ఇసుకను ఎవరు పరీక్షించారని ఆయన అడిగారు. మంటలార్పే ఎర్ర సిలిండర్లు రెండు. ప్రమాద హెచ్చరిక గంట ఒకటి, అది ఇత్తడిది.

క్యాంపు దగ్గర పడుతుండగా భవనం టెర్రస్ మీదికి నమూనా ఆరోహణ జరిపారు. కిటికీలు లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీదుగా పద్నాలుగు మంది కూలీలు కిటికీలు, బకెట్లు, సిలిండర్లు, గంట మోసుకుంటూ ఎక్కుతుంటే, వాళ్ల వెనకాల ఇందుమతి పొయ్యిని చేతిరుమాలులో కట్టుకుని ఎక్కింది. గంట మెట్టు మెట్టుకీ మోగుతూనే ఉంది. కింది అంతస్తుల్లో ఉన్న ఆఫీసుల వాళ్లు ఊరేగింపు అనుకుని బయటికొచ్చి దండాలు పెట్టారు.

టెర్రస్ మీద ఆయాసపడుతూ నిలబడ్డ ఆ సరంజామా చూసి మృత్యుంజయరావు గారికి మొదటిసారి అనుమానం వచ్చింది.

"కోదండపాణి గారూ, ఇందులో లాఘవం ఎక్కడుంది?"

"భద్రతకు బరువు ఉండును సర్."

ఇద్దరూ పెద్దవాళ్లు. ఎవరూ తగ్గలేదు. ఆ మధ్యాహ్నమంతా వాదన నడిచింది. అధ్యక్షుల దృష్టి అప్పుడే గ్యాస్ డబ్బా మీద పడింది. దాన్ని త్రాసులో వేయించారు. పొయ్యికి అయిదు రెట్లు తూగింది.

"ఇంత బరువుందేమిటి?"

"గ్యాస్ ఉంది సర్ అందులో," అంది ఇందుమతి.

"గ్యాస్‌కి బరువుంటుందా?"

"ఉంటుంది సర్."

"తీసేస్తే?"

ఆమె జవాబు చెప్పేలోపే కోదండపాణి గారి ముఖం వెలిగిపోయింది. "సర్! ఖాళీ డబ్బా వలన అగ్నిప్రమాదమునకు ఆస్కారమే లేదు. అట్టి పొయ్యికి కిటికీలు అక్కరలేదు. ఇసుక అక్కరలేదు. గంట కూడా అక్కరలేదు."

మృత్యుంజయరావు గారు లేచి వెళ్లి ఆయన్ని కౌగిలించుకున్నారు. లాఘవమూ భద్రతా ఒకే వస్తువులో కుదరడం మండలికే కాదు, తన జీవితంలోనే అపూర్వమన్నారు. ఖాళీ డబ్బాతో కూడిన తేలికపాటి గ్యాస్ పొయ్యిలు ఎనిమిదింటిని సంఘం ఏకగ్రీవంగా ఎంపిక చేసింది. "కన్వీనరు మినహా" అని రాయాలా అని సన్యాసినాయుడు అడిగాడు. ఏకగ్రీవంలో మినహాయింపులుండవని అధ్యక్షులు చెప్పారు.

డబ్బాలు కొని, వాటిలో గ్యాస్ వదిలేయించి, శుభ్రంగా ఖాళీ చేయించినందుకు సరఫరాదారు అదనంగా పుచ్చుకున్నాడు.

ఇందుమతి ఊరుకోలేదు. గ్యాస్ విడిగా కావాలని ఇంకో నోటు పెట్టింది. ఆమోదం పొందిన పొయ్యిలో గ్యాస్ నింపితే అది ఆమోదం పొందని పొయ్యి అవుతుందని రాసి తిప్పి పంపారు. మరి పిల్లలు ఏం తింటారని అడిగితే, వంట గురించి మీరు మొదట్లోనే ప్రస్తావించి ఉండాల్సిందన్నారు. క్యాంపు వాయిదా వేద్దామంటే, ఈ ఏడు ఆగిన క్యాంపు మళ్లీ లేవదని ఆమెకు తెలుసు. అక్కడ ముప్పై ఇద్దరు పిల్లలు ఇంటి నుంచి ఒప్పుకోలు తెచ్చుకుని, సంచులు సర్దుకుని కూర్చున్నారు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని, తినకుండా గోడ కేసి చూస్తూ కూర్చుంది. సన్యాసినాయుడు టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, మీరేటీ అనుకోపోతే ఒక మాట చెప్తాను."

"చెప్పండి నాయుడుగారూ."

"నేనీ ఆఫీసుకొచ్చి చానా కాలమైపోయింది. కుర్చీ అడిగితే కొర్రీ ఏసీవోరు. ఫ్యాను అడిగితే కొర్రీ. ఆఖరికి ఆరో నంబరు గదిలో పైకప్పు రాలిపోతంటే, ఎంత మేర రాలిందో కొలిచి రమ్మన్నారు. ఎవడూ కొర్రీ ఎయ్యనిది ఈ బిల్డింగు మొత్తం మీద ఒకటే ఉంది."

"ఏమిటది?"

"జ్యోతి ప్రజ్వలన," అన్నాడాయన గొంతు తగ్గించి. "దీపం ఫైలు ఎవడాపుతాడు మేడమ్? ఆపితే తనింట్లో దీపం ఏవైపోద్దోనని భయం. మీరు గ్యాస్ అని అడక్కండి. క్యాంపు ప్రారంభోత్సవానికి జ్యోతి ప్రజ్వలన ఇంధనం అని అడగండి. కొండ మీద గాలికి నూని దీపం ఆగదు కాబట్టి డబ్బాల్లో కావాలని రాయండి."

"అది అబద్ధం కదండీ?"

"ఏటబద్ధం? వెలిగించరేటి? వెలిగిస్తారు. వెలుగుద్ది. దాని మీద గిన్నె పెట్టకూడదని ఏ జీవోలో ఉంది?"

ఇందుమతి ఇడ్లీ తిన్నది. నోటు రాసింది. ఫైలు అధ్యక్షుల గదిలోకి వెళ్లి, ఆయన చెప్పులు విడిచి సంతకం పెట్టాక బయటికొచ్చింది. కింద ఆయన స్వహస్తంతో "జ్యోతిని నేనే వెలిగించెదను" అని రాశారు.

పులిమెట్ట మీద జీపు ఆగే చోటు నుంచి క్యాంపు మైదానానికి కొంచెం నడవాలి. మృత్యుంజయరావు గారు ఆ నడకలో అయిదారు చోట్ల కూర్చుని ప్రకృతిని మెచ్చుకున్నారు. వెనకాల కోదండపాణి గారు ఒక ఎర్ర బకెట్ ఇసుకను ఎవరికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చారు. సన్యాసినాయుడు కాగితాల సంచీతో వచ్చాడు. అమ్మాయిలు వరుసగా నిలబడి నమస్కారాలు చెప్పారు. వాళ్లు తెల్లవారుజామున బయలుదేరినవాళ్లు. ఇంకా ఏమీ తినలేదు.

చదునైన బండ మీద ఎనిమిది పొయ్యిలు నిండు డబ్బాల మీద నిలబడి ఉన్నాయి, చుట్టూ బంతిపూలతో. సరఫరాదారు జేబులోంచి వచ్చిన మరలు వాటి వాటి స్థానాల్లో ఉన్నాయి. ప్రార్థన గీతం అయ్యాక మృత్యుంజయరావు గారు బూట్లు విప్పి, కొవ్వొత్తితో ఒక్కొక్కటే వెలిగించారు. బుస్సుమంటూ నీలం మంటలు లేచాయి.

"నీలి జ్యోతి!" అన్నారాయన పరవశంగా. "ఎనిమిది ముఖాల నీలి జ్యోతి!"

ఉపన్యాసం మొదలైంది. ఇందుమతి కళ్లతో సైగ చేసింది. అమ్మాయిలు నీళ్లు పోసిన గిన్నెలు తెచ్చి పొయ్యిల మీద పెట్టారు. ఆయన మాట ఆపి అటు చూశారు.

"అదేమిటమ్మా?"

"గాలికి జ్యోతి ఆరిపోకుండా అడ్డం పెట్టామండీ."

"దూరదృష్టి," అని మెచ్చుకుని ఆయన ఉపన్యాసంలోకి తిరిగి వెళ్లారు. ఆయన ముగించేసరికి ఉప్మా అయింది. ఆయనా తిన్నారు. ఉప్మా ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు. ఆ హోదాలో ఉన్నవారు ఫలహారాన్ని ఎప్పుడూ వచ్చిన వైపు నుంచి చూడరు.

కోదండపాణి గారు మాత్రం చూశారు. తినడం పూర్తయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి ఎనిమిది మరలూ ఆయనే కట్టేశారు.

"అమ్మా, ఈ ఇంధనము జ్యోతి ప్రజ్వలన నిమిత్తము మంజూరైనది. జ్యోతి ప్రజ్వలన సందర్భము లేకుండా దీనిని వెలిగించరాదు. ముఖ్య అతిథి, ప్రార్థన, ఉపన్యాసము ఉన్నచో అది సందర్భము. లేనిచో దుర్వినియోగము."

"సర్, మధ్యాహ్నం వీళ్లకు అన్నం?"

ఇందుమతి ప్రశ్నకు మృత్యుంజయరావు గారు అడ్డం వచ్చారు. "దీనికంత ఆలోచన దేనికమ్మా? ప్రతి పూటా ఒక సభ పెట్టండి. నేనుంటాను కదా!"

ఆయన ఉన్నారు. మధ్యాహ్నం సభలో హిమాలయాలు సముద్రంలోంచి పుట్టుకొచ్చిన వైనం చెప్పారు. అన్నం ఉడికిపోయింది. హిమాలయాలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. పొయ్యి కట్టేద్దామని ఒక అమ్మాయి చెయ్యి చాపితే, ఉపన్యాసం మధ్యలో జ్యోతిని ఆర్పడం అపచారమని ఆయన వారించారు. మాడు వాసన మైదానమంతా కమ్ముకుంది. సువాసన అనుకున్నారో ఏమో, ఆయనకు మరింత ఉత్సాహం వచ్చింది. రాత్రి సభలో మనిషి రెండు కాళ్ల మీద లేచి నిలబడిన ఘట్టం దాకా వచ్చారు. పప్పు బొగ్గయింది. అమ్మాయిలు పై పొర గీరుకుని తిని, మాట్లాడకుండా గుడారాల్లోకి వెళ్లిపోయారు. వాళ్లకు ఉపన్యాసాలు కొత్త కాదు. హాస్టల్లో విని విని ఉన్నారు. కానీ ఇక్కడ అలా ఉండదని ఇందుమతి వాళ్లకు మాటిచ్చి తీసుకొచ్చింది. ఆ మాట గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లారేసరికి కొండంతా మంచు. మృత్యుంజయరావు గారు ఉలెన్ టోపీతో, భుజాల మీద సన్మానం శాలువాతో గుడారంలోంచి బయటికొచ్చి, "శుభోదయం" అనబోయారు. శబ్దం రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. తలుపు కిర్రుమన్నట్టు ఏదో వచ్చింది. మూడు సభలూ, కొండ చలీ కలిసి ఆయన గొంతును మూసేశాయి.

ఆయన చేత్తో గ్లాసు, ఆవిరి ఆకారాలు చూపించి, వేడినీళ్లు కావాలన్నారు.

ఇందుమతి కోదండపాణి గారి వైపు చూసింది. ఆయన బకెట్ పక్కన నిటారుగా నిలబడి ఉన్నారు.

"ముఖ్య అతిథి ఉపన్యసించనిదే సందర్భము లేదు. సందర్భము లేనిదే జ్యోతి లేదు."

"వేడినీళ్లు తాగితే గానీ ఆయన ఉపన్యసించలేరండీ."

"ఉపన్యసించినచో వేడినీళ్లు ఇవ్వవచ్చును."

మృత్యుంజయరావు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తన కార్యాలయం ఎలా పనిచేస్తుందో ఆయనకు చల్లటి గొంతుతో తెలిసిరావడం అదే మొదటిసారి. కోదండపాణి గారినే ముఖ్య అతిథిగా ఉండమంటే, తనిఖీ చేయువాడు వెలిగించరాదన్నారు. ఇందుమతి నిర్వాహకురాలు, ఆమె పనికిరాదు. సన్యాసినాయుడు అప్పుడు దగ్గి, కాగితాలు తిరగేశాడు.

"ముఖ్య అతిథికి హోదా ఏటుండాలో ఎక్కడా రాయలేదండి. ‘సభకు వన్నె తెచ్చువారు’ అని మాత్రం ఉంది."

మృత్యుంజయరావు గారు టోపీ ఊడిపోయేంత వేగంగా తలూపారు.

ఇందుమతి అమ్మాయిల వైపు తిరిగింది. "మీలో ఎవరు చేస్తారు?"

ముప్పై ఇద్దరూ నేల చూశారు. కొంతసేపటికి వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. పాంగి జమున. వచ్చినప్పటి నుంచీ ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడని పిల్ల. రాత్రి మాడిన గిన్నెలన్నీ చన్నీళ్లతో తోమింది ఆ పిల్లే. వేళ్లింకా నల్లగా ఉన్నాయి.

"నీకు వచ్చా అమ్మా?"

"మా హాస్టల్లో ఎవులొచ్చినా పూలపళ్లెం పట్టుకుని పక్కన నేనే నిలబడతాను మేడమ్," అంది జమున. "ఎండలో నిలబడీ నిలబడీ మొత్తం చూసేను. ఎలాగ చెయ్యాలో తెలుసు."

ముఖ్య అతిథికి శాలువా కప్పాలని కోదండపాణి గారు గుర్తుచేశారు. అక్కడున్నది ఒక్కటే శాలువా. మృత్యుంజయరావు గారు కాసేపు దాన్ని పట్టుకుని, తర్వాత విప్పి, వణుకుతూ ఆ పిల్ల భుజాల మీద కప్పారు. అది ఆమె మోకాళ్ల దాకా వచ్చింది.

జమున బండ దగ్గరికి వచ్చి, పెద్దవాళ్లు చేసినట్టే ముందు గొంతు సవరించుకుంది. అందరి వైపూ ఒకసారి చూసింది. మంచులో ఆమె నోటి నుంచి ఆవిరి వస్తోంది.

"అందరికీ నమస్కారం. నిన్న అన్నం మాడిపోయింది. పప్పు కూడా మాడిపోయింది. ఎక్కువ మాట్లాడితే మాడిపోద్ది. అందుకని నేను ఆపేస్తన్నాను."

కొవ్వొత్తి అందుకుని ఎనిమిదీ వెలిగించింది.

చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే, పొదల్లోంచి పిట్టలు లేచి అవతలి కొండకు వెళ్లిపోయాయి. సన్యాసినాయుడు కలం పక్కన పెట్టి రెండు చేతులతో కొట్టాడు. ఇందుమతికి కళ్లు చెమర్చాయి. మంచు అని చెప్పి తుడుచుకుంది. మొదటి గ్లాసు వేడినీళ్లు జమునే ముంచి తీసుకెళ్లి మృత్యుంజయరావు గారికి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకుని, కళ్లు మూసుకుని తాగారు.

ఆ తర్వాత ముఖ్య అతిథులకు కరువు రాలేదు. మధ్యాహ్నం సభకు నలుగురు పోటీ పడ్డారు. రాత్రి సభకు చీటీలు వేయాల్సి వచ్చింది. ఒకమ్మాయి ఉపన్యాసంగా తన ఊరి కొండ పేరు చెప్పి ఊరుకుంది. ఒకమ్మాయి వాళ్లమ్మ పేరు గట్టిగా పలికింది, అంతే. ఇంకొకమ్మాయి, ప్రభుత్వం హాస్టల్లో బాత్‌రూము తలుపులు పెట్టించాలని డిమాండు చేసింది. దాన్ని సన్యాసినాయుడు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. కోదండపాణి గారికి అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు. ముఖ్య అతిథి, ప్రార్థన, ఉపన్యాసం, అన్నీ ఉన్నాయి. ఆయన బకెట్ మీద మూత పెట్టి, దాని మీద కూర్చుని భోంచేయసాగారు. పగలంతా అమ్మాయిలు తాళ్లు పట్టుకుని బండలెక్కారు. కడుపు నిండితే మనుషులు ఎంత ఎత్తయినా ఎక్కుతారని ఇందుమతికి ముందే తెలుసు.

చివరి రోజుకు మృత్యుంజయరావు గారి గొంతు కొంచెం తెరుచుకుంది. ఆ సంగతి ముందు పసిగట్టింది సన్యాసినాయుడు. "మేడమ్, పొద్దున్న పళ్లు తోముకుంటా పాట పాడేరు," అని ఇందుమతి చెవిలో ఊదాడు. క్యాంపంతా ఒక్కసారిగా దిగులు పడింది. అప్పటికే మధ్యాహ్నం సభ అయిపోయింది. ముఖ్య అతిథి రెండు ముక్కలు మాట్లాడి జ్యోతి వెలిగించి వెళ్లి కూర్చుంది. ఎనిమిది గిన్నెల్లో టమాటా పప్పు కుతకుతలాడుతోంది. పోపు పెట్టడానికి జమున గరిట పట్టుకుని నిలబడి ఉంది.

మృత్యుంజయరావు గారు లేచారు. కోటు సర్దుకున్నారు. నాలుగు అడుగులు ముందుకు వేసి, బండ దగ్గర నిలబడి, అందరినీ ఒకసారి పరికించి చూశారు. అమ్మాయిలు పళ్లాలు ఒళ్లో పెట్టుకుని, అలవాటైన నేల చూపుల్లోకి దిగిపోయారు. ఆయన నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే జమున పోపు వేసింది. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి కలిసిన ఘాటు గాలిలోకి లేచి, తిన్నగా వెళ్లి ఆయన ముక్కుకు తగిలింది.

ఆయన నోరు అలాగే కాసేపు తెరిచి ఉంది.

"వడ్డించండి," అన్నారు.

మేనేజింగ్ డైరెక్టరుగా ఆయన జారీ చేసిన ఉత్తర్వుల్లో ఆ రోజుకారోజే అమలైంది అదొక్కటే.